అవ్వ పింఛన్‌లో ఢిల్లీ వాటా ఎంత? ప్రతిపక్ష ఎంపీ పనిని ఎక్కడ వెతకాలి

పింఛన్లు ఇచ్చే రోజు. పరకాల దగ్గర ఒక పల్లె, పోస్టాఫీసు అరుగు. మా పెద్దమ్మకు అరవై ఏడేళ్లు. బీడీలు చుట్టి చుట్టి అరిగిన వేళ్లు, మిషన్ మీద ముద్ర మూడోసారికి గానీ పడలేదు. చేతికొచ్చినవి నాలుగు ఐదొందల నోట్లు, ఒక పది కాగితం, ఒక ఐదు బిళ్ల, ఒక రూపాయి బిళ్ల. కొంగున ముడేసుకుంటూ అడిగింది: "గిండ్ల ఢిల్లీ పైసలెన్ని బిడ్డా? మన ఎంపీ ఆడ కొట్లాడుతాండని పేపర్ల రాసిన్రంట. కొట్లాడితే ఇవి పెరుగుతయా?"

రెండూ సూటి ప్రశ్నలే. జవాబులు మాత్రం అంత సూటిగా లేవు. పార్లమెంటు సమావేశాలు జరిగిన ప్రతిసారీ ఫోన్లలో రెండు రకాల మాటలు తిరుగుతాయి. "మా ఎంపీ ఇన్ని ప్రశ్నలు అడిగారు" అని ఒకరు, "బలం లేని ప్రతిపక్షంతో ఒరిగేదేముంది" అని ఇంకొకరు. న్యాయం, సంక్షేమం అనే రెండు రంగాల్లో ప్రతిపక్ష సభ్యుల పని నిజంగా ఎలా నడుస్తుందో చూస్తే, ఆ రెండు మాటలూ అసలు సంగతిని పట్టుకోలేదని తెలుస్తుంది. ప్రతిపక్ష ఎంపీ గెలుపు ఓట్ల లెక్కింపులో దాదాపుగా కనిపించదు. ప్రభుత్వం చేత కాగితం మీద ఏం రాయించగలిగారన్న దగ్గర కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో అధికారం, ఢిల్లీలో ప్రతిపక్షం

ముందు ఒక చిక్కు తీసేద్దాం. ప్రతిపక్షం అన్నది సభను బట్టి మారే మాట. 2024 ఎన్నికల్లో తెలంగాణలోని 17 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్‌కు 8, బీజేపీకి 8, మజ్లిస్‌కు 1 వచ్చాయి. వరంగల్, మహబూబాబాద్, పెద్దపల్లి కాంగ్రెస్‌కు వెళ్లాయి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ బీజేపీకి వెళ్లాయి. అంటే హనుమకొండ చౌరస్తాలో అధికార పార్టీ ఎంపీగా కనిపించే మనిషి ఢిల్లీ రైలు దిగేసరికి ప్రతిపక్షం. కరీంనగర్‌లో దీనికి సరిగ్గా తలకిందులు.

ఓరుగల్లుకు ఇది కొత్త కాదు. 1977లో ఉత్తరాది అంతటా కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినప్పుడు హనుమకొండ నుంచి పి.వి. నరసింహారావు గెలిచి ప్రతిపక్షంలో కూర్చున్నారు. 1984లో అదే హనుమకొండలో ఆయన్ను చందుపట్ల జంగారెడ్డి ఓడించారు. ఆ లోక్‌సభలో బీజేపీకి ఉన్నది ఇద్దరే సభ్యులు, అందులో ఒకరు మన జంగారెడ్డి. చర్చల్లో మాట్లాడే సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు కాబట్టి ఇద్దరున్న పార్టీకి దక్కేది నిమిషాలే. అయినా అడగడానికి దారులు ఉంటాయి. ఆ దారులేమిటన్నదే అసలు విషయం.

రెండు వేల పదహారు రూపాయల్లో రెండొందలు

పెద్దమ్మ మొదటి ప్రశ్నకు జవాబు: రెండు వందలు. అది కూడా కేంద్రం లెక్కలో ఆమె పేరు ఉంటేనే.

జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం 1995 ఆగస్టు 15న మొదలైంది. అప్పుడు ప్రధాని పి.వి. నరసింహారావే. వృద్ధులకు నెలకు 75 రూపాయలు కేంద్రం ఇచ్చేది. 2006లో దాన్ని 200 చేశారు. 80 ఏళ్లు దాటినవారికి 2011 నుంచి 500 ఇస్తున్నారు. 60 నుంచి 79 ఏళ్ల వారికి మాత్రం ఆ 200 అక్కడే ఆగిపోయింది. పైగా అది పేదరిక రేఖ దిగువన ఉన్నవారికే, రాష్ట్రానికి ఇంతమంది అని కట్టిన హద్దులోపలే. తెలంగాణ ప్రభుత్వం 2014లో పింఛన్‌ను 1,000 చేసి, 2019లో 2,016కు పెంచింది. కేంద్రం జాబితాలో ఉన్న అవ్వకు 200 ఢిల్లీవి, 1,816 హైదరాబాద్‌వి. జాబితాలో లేని అవ్వకు మొత్తం రాష్ట్రం సొమ్మే. అరుగు మీద నోట్లు లెక్కపెట్టుకునే మనిషికి ఈ తేడా ఎక్కడా కనిపించదు.

ఈ ముడి రాజ్యాంగంలోనే ఉంది. ఏడో షెడ్యూల్‌లో వికలాంగులకు, పని చేయలేనివారికి సాయం రాష్ట్ర జాబితాలో ఉంటే, సామాజిక భద్రత ఉమ్మడి జాబితాలో ఉంది. న్యాయంలోనూ ఇదే కథ. పోలీసు రాష్ట్రానిది. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది. కింది కోర్టుల నిర్వహణ కూడా 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. అందుకే జిల్లా కోర్టులో జడ్జీల ఖాళీల గురించి ఏ ఎంపీ అడిగినా, నియామకాలు హైకోర్టు, రాష్ట్ర ప్రభుత్వాల పరిధిలోవి అన్న జవాబే వస్తుంది. మంత్రి తప్పించుకుంటున్నారని కొందరికి అనిపిస్తుంది. సగం నిజమే. మిగతా సగం రాజ్యాంగం రాసిన తీరు.

మంచి ప్రశ్నకూ వట్టి ప్రశ్నకూ తేడా

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 గుర్తులేని ప్రశ్నలు ఉంటాయి. నక్షత్ర గుర్తు ఉన్నదానికి మంత్రి లేచి నోటితో చెప్పాలి, అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. గుర్తులేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది. ఎవరి ప్రశ్న జాబితాకెక్కాలో బ్యాలెట్ తీసి తేలుస్తారు. 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్నోత్తరాల గంట గడిచేలోపు ఇరవైలో నాలుగైదుకు మించి నోటి జవాబు దాకా రావడం అరుదు. ఆ తర్వాత సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్ నిబంధనల పుస్తకంలో లేనిది, వాడుకలో పుట్టింది. అక్కడ అడిగినదానికి మంత్రి వెంటనే జవాబు చెప్పాలన్న నియమం లేదు. 377 నిబంధన కింద చదివే ప్రస్తావనకు జవాబు తర్వాత ఉత్తరంగా రావచ్చు. ఇంతకంటే వాటి గురించి చెప్పుకోవాల్సింది లేదు. బరువంతా ప్రశ్న మీదే.

ఉత్తర తెలంగాణకు బాగా తెలిసిన బీడీల సంగతే తీసుకుందాం. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల పల్లెల్లో చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించే ఆడవాళ్ల కోసం 1976లో కేంద్రం సంక్షేమ నిధి చట్టం చేసింది. బీడీల మీద సెస్ అనే ప్రత్యేక పన్ను వసూలు చేసి, ఆ డబ్బుతో వైద్యం, పిల్లల స్కాలర్‌షిప్‌లు, ఇళ్లకు సాయం. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్ పోయింది. ఇక పథకాలకు డబ్బు బడ్జెట్ నుంచే రావాలి.

ఇప్పుడు ఒక ఎంపీ ఇలా అడిగారనుకోండి: "బీడీ కార్మికుల సంక్షేమానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" జవాబుగా పథకాల పేర్లు రెండు పేజీలు వస్తాయి. మంత్రికి ఇబ్బంది లేదు, ఎంపీ ఖాతాలో ఒక ప్రశ్న పడింది, జగిత్యాలలో చాట ముందు కూర్చున్న మనిషికి ఏమీ తెలియలేదు. ఇంకొక ఎంపీ ఇలా అడిగారనుకోండి: "సెస్ రద్దుకు ముందు మూడేళ్లు, తర్వాత మూడేళ్లు బీడీ సంక్షేమానికి ఏటా ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు చేశారు? తెలంగాణ నుంచి స్కాలర్‌షిప్‌కు ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎందరికి డబ్బు పడింది?" దీనికి పట్టిక ఇవ్వాలి, లేదా లెక్క లేదని రాసివ్వాలి. రెండింట్లో ఏది వచ్చినా పనికొస్తుంది. తర్వాత సంఘాలు, విలేకరులు, కోర్టుకెళ్లే న్యాయవాదులు దాన్ని చేతపట్టుకుని నడవగలరు. ప్రశ్నల సంఖ్య చూసి చప్పట్లు కొట్టేవారు ఈ ఒక్క తేడా గమనిస్తే చాలని నేను గట్టిగా నమ్ముతాను.

లెక్క లేదన్న జవాబుకు ఎంత బరువుంటుందో 2020 సెప్టెంబర్‌లో దేశం చూసింది. కోవిడ్ కారణంగా ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంట ఎత్తేశారు, రాతపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు తిరిగొస్తూ చనిపోయిన వలస కూలీల లెక్క అడిగితే, అలాంటి సమాచారం లేదని కార్మిక శాఖ లోక్‌సభకు రాసిచ్చింది. నోటితో ఒక్క మాటైనా జరగలేదు. అయినా రాతలో వచ్చిన ఆ ఒక్క జవాబు ఆ సమావేశాల్లో ఎక్కువగా చర్చకొచ్చిన వాటిలో ఒకటైంది.

జవాబుల భాష చదవడం

ప్రభుత్వ జవాబులకు తమదైన భాష ఉంది. "ప్రస్తుతం అలాంటి ప్రతిపాదన ఏదీ లేదు" అంటే తలుపు మూసినట్టే. "రాష్ట్రాల పరిధిలోని అంశం" అంటే పక్కింటికి వెళ్లమన్నట్టు. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం" అన్నప్పుడు మాత్రం వ్యవహారం మారుతుంది. అవి హామీ కిందికి వస్తాయి. ఆ హామీలను ఏరి, మూడు నెలల్లో నెరవేర్చారా లేదా అని వెంటాడడానికి 1953 నుంచే లోక్‌సభలో ప్రభుత్వ హామీల సంఘం ఉంది. గడువు పొడిగింపులు అడగడం మామూలే. అయినా శాఖ అధికారులు ఏళ్ల తర్వాత కూడా ఆ సంఘం ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. నేర్పున్న సభ్యులు అనుబంధ ప్రశ్న వేసేటప్పుడు మంత్రి నోటి నుంచి అలాంటి మాట రప్పించాలనే చూస్తారు.

మాటల తేడా ఎంత దూరం పోతుందో కాజీపేటలో ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా? 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లో గిరిజన విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పాలి అని ఉంది. రైలు కోచ్ ఫ్యాక్టరీ దగ్గరికొచ్చేసరికి ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి అని ఉంది. కాజీపేట పేరు కూడా అందులో లేదు. మొదటి మాట మీద ఏళ్ల తరబడి అడిగాక, 2023 డిసెంబర్‌లో ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి పార్లమెంటు ఆమోదం దొరికింది. రెండో మాట మీద "పరిశీలించాం" అని చెప్పే వీలు ప్రభుత్వానికి మొదటినుంచీ ఉంది. 2023 జూలైలో కాజీపేటకు సంబంధించి శంకుస్థాపన జరిగింది వ్యాగన్ల తయారీ యూనిట్‌కు.

చట్టమైన బిల్లు, చట్టం కాని బిల్లు

మంత్రి కాని ఏ సభ్యుడు తెచ్చినా అది ప్రైవేటు మెంబర్ బిల్లే, అధికార పార్టీ వెనక బెంచీ సభ్యుడు తెచ్చినా అంతే. లోక్‌సభలో శుక్రవారం చివరి రెండున్నర గంటలు ఇలాంటి పనికి కేటాయిస్తారు. స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటిదాకా ఇలా చట్టమైనవి 14 మాత్రమే. ఆఖరిది 1970లో. అది న్యాయానికి సంబంధించినదే, అందుకే దాని దగ్గర కాస్త ఆగాలి.

దాన్ని తెచ్చినది ఆనంద్ నారాయణ్ ముల్లా. అలహాబాద్ హైకోర్టులో జడ్జిగా చేసి, 1967లో లక్నో నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచినవారు. వెనక ఏ పార్టీ లేదు. ఆయన చూసిన లోపం ఇది. ఒక మనిషిని సెషన్స్ కోర్టు నిర్దోషి అని వదిలేసింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. హైకోర్టు ఆ తీర్పు తిప్పేసి యావజ్జీవం వేసింది. అంటే ఆ మనిషిని దోషి అన్న కోర్టు ఒక్కటే, అది కూడా సాక్షులను కళ్లారా చూడని కోర్టు. ఉరి వేస్తే సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు రాజ్యాంగంలోనే ఉంది. యావజ్జీవం వేస్తే మాత్రం అనుమతి కోసం ప్రాధేయపడాలి, దొరికితే దొరికినట్టు. ముల్లా బిల్లు యావజ్జీవానికీ, పదేళ్లు, అంతకు మించిన శిక్షకూ ఆ హక్కును విస్తరించింది. తర్వాత 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకీ అది చేరింది. హనుమకొండ అదాలత్ సెంటర్‌లో నల్లకోటు వేసుకుని తిరిగే ఏ వకీలును అడిగినా ఆ అప్పీలు సంగతి చెబుతారు. అది ఎవరి బిల్లుతో వచ్చిందో ఎందరికి గుర్తుందో మరి.

రెండోది చట్టం కాకుండానే పని చేసిన బిల్లు. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తిస్తూ తీర్పు ఇచ్చింది. ఆ ఏడాదే ప్రతిపక్షంలో ఉన్న డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ రాజ్యసభలో బిల్లు పెట్టారు. 2015 ఏప్రిల్ 24న సభ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఒక ప్రైవేటు బిల్లు సభలో నెగ్గడం దశాబ్దాల తర్వాత అదే మొదటిసారి. అది లోక్‌సభ దాటలేదు. ప్రభుత్వం తన బిల్లు తాను తెచ్చి 2019లో చట్టం చేసింది. ఇక్కడ వాదం రెండు రకాలు. శివ బిల్లు లేకుంటే ప్రభుత్వం అంత త్వరగా కదిలేది కాదని కొందరంటారు. వచ్చిన చట్టంలో శివ బిల్లులోని రిజర్వేషన్ లేదు, గుర్తింపు కోసం కలెక్టర్ సర్టిఫికెట్ కావాలన్న నిబంధన చేరింది, కాబట్టి సరుకు మారిపోయిందని ట్రాన్స్‌జెండర్ సంఘాలవారు అంటారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. ప్రతిపక్ష సభ్యుడు ఒక విషయాన్ని ఎజెండాలోకి తేగలడు. చివరి రూపం మీద మాత్రం అతని చెయ్యి ఉండదు.

కెమెరాలు లేని గదుల్లో

శాఖలవారీగా బిల్లులు, పద్దులు పరిశీలించే ఎంపీల బృందాలే స్థాయీ సంఘాలు. ఒక్కోదానికి 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. అన్ని పార్టీలవారూ ఉంటారు. టీవీ ప్రసారం ఉండదు. అందుకే అరుపులు తక్కువ, పని ఎక్కువ.

2004 డిసెంబర్‌లో వచ్చిన ఉపాధి హామీ బిల్లులో పని హక్కు పేద కుటుంబాలకే పరిమితం. అది గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘానికి వెళ్లింది. ఆ సంఘానికి అధ్యక్షుడు ప్రతిపక్ష బీజేపీకి చెందిన కల్యాణ్ సింగ్. ఆ పరిమితి తీసేయాలని సంఘం సిఫారసు చేసింది. వామపక్షాలూ, ప్రజాసంఘాలూ బయట నుంచి అదే అడిగాయి కాబట్టి ఖ్యాతి ఒక్కరిది కాదు. 2005 ఆగస్టులో ఆమోదం పొందిన రూపంలో పల్లెలో ఉన్న ఏ కుటుంబమైనా పని అడిగే వీలు వచ్చింది. 2006లో మొదటి విడతగా అమలైన 200 జిల్లాల్లో ఉమ్మడి వరంగల్ ఒకటి. చెరువు పూడిక తీయడానికి పోయినవారిని తెల్ల కార్డు ఉందా అని అడగకపోవడం వెనక ఈ కథంతా ఉంది.

ప్రజా పద్దుల సంఘం ఇంకో రకం. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదికలను పట్టుకుని, ఖర్చయిన డబ్బు లెక్క తీసే సంఘమిది. 1967 నుంచి దీని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 1978-79లో ఆ కుర్చీలో ఉన్నది హనుమకొండ ఎంపీ పి.వి. నరసింహారావు. ఆయన్ను ప్రధానిగానే గుర్తుపెట్టుకున్నాం గానీ, ప్రతిపక్షంలో చేసిన ఈ పనీ ఓరుగల్లు చరిత్రలో భాగమే.

సంఘంలో ఓడిపోయే పక్షానికి మిగిలేది అసమ్మతి నోటు. 2023 ఆగస్టులో మూడు కొత్త క్రిమినల్ బిల్లులు హోం వ్యవహారాల సంఘానికి వెళ్లాయి, నవంబర్‌లో నివేదికలు వచ్చాయి, పలువురు ప్రతిపక్ష సభ్యులు అసమ్మతి నోట్లు ఇచ్చారు. డిసెంబర్‌లో ప్రభుత్వం పాత బిల్లులు వెనక్కి తీసుకుని, మార్చినవి పెట్టింది. 2024 జూలై 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. వాటిలో ఒక వివాదాన్ని ఉదాహరణగా చూద్దాం. పోలీసు కస్టడీకి మొత్తం హద్దు 15 రోజులే. పాత చట్టం కింద ఆ 15 రోజులూ అరెస్టయిన మొదటి 15 రోజుల్లోనే అయిపోవాలి. కొత్త చట్టంలో నేరాన్ని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా తీసుకోవచ్చు. నిందితుడు ఆసుపత్రి పేరు చెప్పి విచారణ తప్పించుకోకుండా ఇది అవసరమని, మొత్తం రోజులు పెరగలేదని ప్రభుత్వ వాదన. ఇంకా కస్టడీ మిగిలి ఉందన్న మాటతో బెయిల్‌కు అడ్డం పడుతుందని వ్యతిరేకించేవారి వాదన. రేపు ఏ కోర్టులోనైనా ఈ నిబంధన అర్థం మీద వాదం నడిస్తే, సంఘం నివేదికా అసమ్మతి నోట్లూ సభలో ఎవరేమన్నారో చెప్పే ఆధారాలుగా ఉంటాయి.

అరవడం పనేనా, లెక్కలు నమ్మొచ్చా

ఆ మూడు బిల్లులు నెగ్గిన 2023 శీతాకాల సమావేశాల్లోనే ఉభయ సభల నుంచి 146 మంది ప్రతిపక్ష ఎంపీలను సస్పెండ్ చేశారు. పార్లమెంటు భద్రతా వైఫల్యం మీద హోం మంత్రి ప్రకటన చేయాలని వారు పట్టుబట్టారు. ప్లకార్డులతో సభను నడవనివ్వలేదని అధికార పక్షం అంది. దేశమంతటా వర్తించే శిక్షా చట్టం అడగాల్సినవారిలో చాలామంది లేని సభలో నెగ్గింది. బాధ్యత సస్పెండ్ చేసినవారిదా, అవకాశం వదులుకున్నవారిదా అన్నదాని మీద నిజాయతీగా వాదించుకునే మనుషులు రెండు వైపులా ఉన్నారు. ఇది ఒక పార్టీ అలవాటు కూడా కాదు. 2010లో 2జీ స్పెక్ట్రం కేటాయింపుల వ్యవహారం మీద సంయుక్త పార్లమెంటరీ సంఘం కావాలని నాటి ప్రతిపక్షం శీతాకాల సమావేశాలు దాదాపు మొత్తం అడ్డుకుంది. 2011లో సంఘం వచ్చింది. అంటే అడ్డుకోవడం ఒక్కోసారి ఫలిస్తుంది. దానికి చెల్లించే ధర ప్రశ్నోత్తరాల గంట. పోస్టాఫీసు అరుగు మీది 200 గురించి అడగడానికి ఉన్న గంట అదే.

పెద్దమ్మ రెండో ప్రశ్న, కొట్లాడితే పెరుగుతాయా అన్నది, ఇక్కడే తగులుతుంది. ఆ 200 చాలా తక్కువ, పెంచండి అని గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం బడ్జెట్ పద్దులు పరిశీలిస్తూ పలుమార్లు రాసింది. సంఘంలో అధికార పార్టీ సభ్యులూ ఉన్నారు, వారూ ఆ మాటకు ఒప్పుకున్నారు. సిఫారసును ప్రభుత్వం పాటించి తీరాలన్న నియమం లేదు. ఈ మాట చెబితే ఆమె ముడి బిగించుకుంటూ, "రాసినోళ్లు మంచోళ్లే, ఇచ్చేటోడు ఇయ్యాలె గదా" అంది.

ఇక ఎంపీల హాజరు శాతాలు, ప్రశ్నల సంఖ్యలు. అవి అబద్ధాలు కావు, కానీ మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు, సంఘం గదిలో మూడు గంటలు అధికారిని నిలదీయడం వాటిలో కనిపించదు, పథకాల పేర్లు రప్పించిన ప్రశ్నా పట్టిక రప్పించిన ప్రశ్నా అక్కడ ఒకటే. ఆ లెక్క ప్రకారం చూస్తే ఆనంద్ నారాయణ్ ముల్లా పేరు ఎదురుగా నెగ్గిన బిల్లులు అన్న గడిలో ఒకటి అన్న అంకె ఉంటుంది. నిర్దోషిగా ఇంటికి వెళ్లి, ఏళ్ల తర్వాత హైకోర్టు తీర్పుతో యావజ్జీవ ఖైదీగా జైలు గేటు దాటిన మనిషి తరఫున ఈరోజుకూ సుప్రీంకోర్టులో అప్పీలు వేస్తున్నారు. దానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.